తలలు లెక్కపెట్టే మనిషి

సంజీవరావు పొద్దున ఆరింటికి లేచి మొహం కడుక్కోగానే మొట్టమొదట చేసే పని, ఆ రోజు నివేదికలో ఆఖరి వాక్యం రాసుకోవడం. తెల్లకాగితం పైన తేదీ వేస్తాడు. నడుమ అంతా ఖాళీగా వదిలేసి, అడుగున "ఇతర విశేషాలు లేవు" అని రాస్తాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. సాయంత్రం ఆరులోగా ఆ ఖాళీని నింపి, ఫొటో తీసి, జిల్లా ఆఫీసుకి వాట్సాప్‌లో పంపాలి.

"ఇంకా కాకి కూడా అరవలేదు. విశేషాలు లేవని నీకు అప్పుడే ఎవరు చెప్పారు?" అనేది ఆయన భార్య జయకుమారి, బడికి క్యారేజీ సర్దుకుంటూ.

"ఉంటే పైన రాస్తాగా. కింద ఇది ఎట్టాగూ ఉండాల్సిందే."

సంజీవరావు పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులు. పోలీసే గానీ ఖాకీ వేసుకోడు. స్పెషల్ బ్రాంచి మనిషి. పర్చూరు చుట్టుపక్కల పద్దెనిమిది ఊళ్లలో ఎవరు గుమిగూడారు, ఎందుకు గుమిగూడారు, ఎంతమంది, రేపు ఏం చెయ్యబోతున్నారు, ఇవన్నీ ముందుగా కనిపెట్టి పైకి చెప్పడం ఆయన ఉద్యోగం. సినిమాల్లో ఇలాంటివాళ్లు నల్లకళ్లద్దాలు పెట్టుకుని గోడల వెనక నక్కి ఉంటారు. సంజీవరావు సంగతి మాత్రం బస్టాండులో పడుకునే గేదెలకి కూడా తెలుసు. ఆయన మోపెడ్ ఆగిందంటే టీకొట్టు జాన్ బాషా లోపల్నుంచే కేకేసేవాడు.

"సీఐడీ గారికి చక్కెర తక్కువ ఒకటి! అందరూ మంచి మాటలు మాట్లాడండయ్యా, రాసుకునేవాడొచ్చాడు!"

అందరూ నవ్వేవారు. సంజీవరావూ నవ్వేవాడు. నవ్వు అయిపోయాక బెంచీ మీద మాటల రుచి మారిపోయేది. అప్పటిదాకా దేని గురించో గట్టిగా వాదించుకుంటున్నవాళ్లు ఎండల గురించి మాట్లాడుకునేవారు.

ఈ ఉద్యోగంలోకి ఆయన కోరి రాలేదు. సత్తెనపల్లి దగ్గర పల్లె వాళ్లది. తల్లి గురవమ్మ మిరపకోతలకి, పత్తితీతలకి ఆడవాళ్ల ముఠాని తీసుకెళ్లే మేస్త్రి. అక్షరమ్ముక్క రాదు. పొద్దున్నే చేను గట్టు మీద నిలబడి ఒక్క చూపు చూసి "ముప్పై ఏడుగురే వచ్చారు, ముగ్గురు తగ్గారు" అని చెప్పేది. ఒక్కసారి కూడా తప్పేది కాదు. చిన్నప్పుడు సంజీవరావు వేళ్లు మడుస్తూ తలలు లెక్కపెట్టబోతే నెత్తిన మొట్టేది.

"తలలు చూడమాకురా, కదులుతుంటయ్. సాళ్లు చూడు. సాలుకొకరు. ఖాళీ సాళ్లెన్నో చూస్తే ఉన్నోళ్లెంతమందో తెలిసిపోద్ది."

తొంభైలో కానిస్టేబులుగా చేరాడు. ఎనిమిదేళ్లు ఖాకీ వేసుకున్నాడు. తొంభై ఎనిమిదిలో గుంటూరులో ఏదో పెద్ద సభకి బందోబస్తు పడింది. సభ పెట్టినవాళ్లు యాభై వేలమంది అన్నారు. వైర్‌లెస్‌లో పోలీసులు పదివేలు అన్నారు. అక్కడున్న డీఎస్పీకి విసుగొచ్చి, తాడు పట్టుకుని నిలబడ్డ సంజీవరావుని అడిగాడు.

"నీకెంతమంది కనపడుతున్నారయ్యా?"

సంజీవరావు మైదానాన్ని మిరపచేనులా చూశాడు. వరసలు, వరసల మధ్య ఖాళీలు. "నాలుగువేల రెండొందలండి" అన్నాడు.

మర్నాడు కుర్చీలు అద్దెకిచ్చినవాణ్ణి పిలిపించి అడిగితే, వేసిన కుర్చీలు నాలుగువేలు, నిలబడినవాళ్లు కాస్తమంది అని తేలింది. వారం తిరగకుండా స్పెషల్ బ్రాంచికి ఉత్తర్వులొచ్చాయి. గురవమ్మ సంతోషపడలేదు. "బట్టలిప్పేశారా?" అంది కొడుకుని మామూలు చొక్కాలో చూసి. ఏడాదో రెండేళ్లో అనుకున్నాడు. ఇరవై ఏడేళ్లయింది.

ఆ లెక్కే ఆయన మెడకి చుట్టుకుంది. ఇన్‌స్పెక్టర్లు మారుతున్నారు. వెళ్లేవాడు వచ్చేవాడికి బీరువా తాళాలు, జీపు, సంజీవరావు, ఈ మూడూ కలిపి అప్పజెప్పి వెళ్తున్నాడు. ఎందుకంటే ఈ శాఖలో ఒక అలవాటుంది. కింద నుంచి ఏ అంకె వచ్చినా పైన దాన్ని సగానికి తగ్గించి చదువుతారు. కిందివాడు భయపడి ఎక్కువ రాస్తాడని పైవాడికి తెలుసు, పైవాడు తగ్గిస్తాడని కిందివాడికి తెలుసు. సంజీవరావు అంకెని మాత్రం ఎవరూ తగ్గించరు. ఆయన నూట పది అంటే నూట పదే. ఎన్ని లాఠీలు పంపాలో, ఎన్ని బళ్లు పంపాలో దాన్ని బట్టే తేల్చేస్తారు.

బయట ఎంత గౌరవమో ఇంట్లో అంత ఇబ్బంది. జయకుమారి ప్రభుత్వ బడిలో టీచరు. పింఛను కోసం టీచర్లంతా ధర్నా చేసినప్పుడు ఆమె మూడో వరసలో ప్లకార్డు పట్టుకుని కూర్చుంది. ఎదురుగా మందుల షాపు అరుగు మీద సంజీవరావు నిలబడ్డాడు. సాయంత్రం అన్నం పెడుతూ అడిగింది.

"ఎంతమందని రాశావు?"

"రెండొందల నలభై. అందులో ఆడవాళ్లు తొంభై ఒకటి."

"ఆ ఒకటీ నేనేనా?"

సంజీవరావు మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఆమె నవ్వింది కానీ, ఆ తర్వాత చెల్లెలితో ఫోను మాట్లాడాల్సొచ్చినప్పుడల్లా వరండాలోకి వెళ్లడం మొదలుపెట్టింది. చర్చిలోనూ అంతే. పాస్టరు గారిని మార్చాలని ఒక జట్టు, మార్చకూడదని ఒక జట్టు అయినప్పుడు, గొడవ జరిగేట్టుందని ఆయన రాయక తప్పలేదు. పోలీసులు వచ్చి రెండు జట్లనీ కూర్చోబెట్టారు. అప్పట్నుంచి ఆదివారం ప్రార్థనలో ఆయన కూర్చున్న బెంచీ మీద పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఎప్పుడూ మిగిలే ఉంటోంది.

ఆయనకి బాధ ఎక్కడంటే, వాళ్లు భయపడటంలో తప్పు లేదు. ఇరవై ఏడేళ్లుగా ఏ మాట విన్నా ముందు అది రాయాల్సిందా కాదా అనే చూస్తున్నాడు. పెళ్లి పందిట్లో ఎవరో బావమరిదిని తిడుతుంటే, తిట్టినవాడి పేరు, ఊరు తనంతట అవే మనసులో వరస కట్టేస్తాయి. ఇది వదలాలంటే ఉద్యోగం మారాలి. స్టేషన్‌లో రాతకోతల పనైనా సరే, గేటు దగ్గర కాపలా అయినా సరే, మళ్లీ ఖాకీ వేసుకుని పోలీసులా కనబడితే చాలు. జనం అప్పుడూ జాగ్రత్తగానే మాట్లాడతారు, కానీ పని ముగిశాక ఇంటికొచ్చి చొక్కా విప్పితే మామూలు మనిషవుతాడు. ఇప్పుడు విప్పడానికి ఏమీ లేదు. ఆరుసార్లు దరఖాస్తు పెట్టాడు. ఆరూ వెనక్కి వచ్చాయి.

ఏడోది నిరుడు ఫిబ్రవరిలో పెట్టాడు. అప్పటి ఇన్‌స్పెక్టరు శివరామకృష్ణకి ముప్పై నాలుగేళ్లు. మర్యాదస్తుడు. సంజీవరావుని "గారు" అనే పిలుస్తాడు.

"సంజీవరావు గారూ, మార్చిలో మంత్రిగారి ప్రోగ్రాం ఉంది. గురువారం మీ రోడ్డు మీదుగానే వెళ్తారు. అది ఏ గొడవా లేకుండా గడిపించండి. శుక్రవారం మీ కాగితం మీద సంతకం పెడతాను."

"తప్పకుండానా సార్?"

"నా మాట."

సంజీవరావు ఆ మాట ఇంటికి తీసుకొచ్చి జయకుమారికి చెప్పాడు. ఆమె చాలా రోజుల తర్వాత ఆయన ఎదురుగానే కూర్చుని, హెడ్మాస్టరు మీద ఉన్న కోపమంతా వెళ్లగక్కింది.

ఆ ఏడు మిరప ధర పడిపోయింది. ముందటేడు ఇరవై వేలు పలికిన క్వింటా పదకొండు వేలకి దిగింది. కోత కూలి కూడా రాదని కొందరు కాయని చెట్టునే వదిలేశారు. కోసినవాళ్లు కల్లాల్లో ఆరబోసి, ధర పెరుగుతుందేమోనని కాచుక్కూర్చున్నారు. ఎర్రగుంటపాలెం దారిలో మోపెడ్ మీద పోతుంటే రోడ్డుకి రెండువైపులా ఎరుపే. కళ్లు మండేవి.

సోమవారం మధ్యాహ్నం ఎర్రగుంటపాలెంలో యలమందయ్య కల్లం దగ్గర ఆగాడు. యలమందయ్య ఆరెకరాల రైతు, అందులో నాలుగు కౌలు. నోరు పెద్దది, మనసు మెత్తన. ఊరి రైతులంతా ఆయన మాట మీద నడుస్తారు. సంజీవరావు అంటే ఆయనకి భయం లేదు సరికదా, అవసరం. ఈ ఊళ్లల్లో అదొక ఆచారంలా స్థిరపడిపోయింది. మండలాఫీసులో అర్జీ ఇస్తే బీరువాలో పడుతుంది, సంజీవరావు చెవిన వేస్తే సాయంత్రానికల్లా జిల్లాకి చేరుతుంది. అందుకని రోడ్డెక్కే ముందు రైతులే ఆయన్ని పిలిచి చెప్తారు. చాలాసార్లు రోడ్డెక్కకుండానే పని జరగాలని వాళ్ల ఆశ.

"రావయ్యా సంజీవరావు, నీకోసమే చూత్తన్నా. గురువారం రోడ్డు మీద కూర్చుంటన్నాం. రాసుకో" అన్నాడు యలమందయ్య, కాళ్లతో కాయని తిరగేస్తూ.

"నిజంగానే కూర్చుంటారా?"

"కూర్చోవాలని ఎవడికుందయ్యా? కాయ కల్లంలో పెట్టుకుని రోడ్డు మీద కూర్చునేంత తిక్కోళ్లమా? బుధవారంలోపు కలెక్టరో, ఆయన కిందోడో ఒకడొచ్చి, కొంటారో కొనరో ఒక్క మాట చెప్తే ఎవడి కల్లం కాడికి వాడు పోతాడు."

"ఎంతమంది?"

"పదిహేనొందలు."

సంజీవరావు నవ్వాడు. "మీ ఊరూ, పక్క రెండు పాలేలూ కలిపినా మూడొందలు. అదీ చంటిపిల్లల్ని ఎత్తుకొస్తే."

"మూడొందలంటే కలెక్టరొస్తాడా? పోయినసారి పత్తి విత్తనం మొలవనప్పుడు ఏం రాశావు? నూట పది. నిజమే, నూట పదిమందిమే. ఎవడొచ్చాడు? వీఆర్వో కూడా రాలా. నీ నిజం మాకెందుకూ పనికి రాలా."

వెంకటరావమ్మ, యలమందయ్య భార్య, మజ్జిగ చెంబుతో వచ్చింది. "ఒక అంకెకేగా ఇంత బేరం? మిరప్పళ్లకి కూడా ఇంత బేరం ఆడటంలా ఆ గుంటూరు యార్డులో" అంది.

"అయినా నీకు పోయేదేంది?" అన్నాడు యలమందయ్య. "నువ్వు పదిహేనొందలు రాస్తే పైనోళ్లు అయిదొందలు చేసుకుంటారు. అందరివీ అట్టాగే గదా కోసేది. నీది ఒక్కటీ కొయ్యరా?"

కొయ్యరని చెప్పొచ్చు. నా అంకె మీద ఎవరూ చెయ్యి పెట్టరు, అది రాసినట్టే నమ్ముతారు, అందుకే రాయను అని చెప్పొచ్చు. సంజీవరావు చెప్పలేదు. మజ్జిగ తాగుతూ తనలో తాను వరస పేర్చుకున్నాడు. పదిహేను వందలు రాస్తే బుధవారానికి పెద్ద అధికారి వస్తాడు. రైతులు తగ్గుతారు. గురువారం రోడ్డు ఖాళీగా ఉంటుంది. శుక్రవారం సంతకం పడుతుంది. అందరికీ మంచే.

ఆ సాయంత్రం నివేదికలో ఆయన తన జీవితంలో మొదటిసారి "సుమారు" అనే మాట వాడాడు. సుమారు పదిహేను వందల మంది.

మంగళవారం పొద్దున్నుంచీ రోడ్డు మీద కలెక్టరు జీపు కోసం చూశాడు. జీపు రాలేదు, ఫోను వచ్చింది.

"చాలా మంచి సమాచారం ఇచ్చారు సంజీవరావు గారూ" అన్నాడు శివరామకృష్ణ. "ముందుండి నడిపేవాళ్ల పేర్లు కావాలి. ఇల్లు గుర్తులతో సహా."

"మాట్లాడటానికా సార్?"

"ఆఁ, మాట్లాడటానికే."

పేర్లు ఎందుకు అడుగుతారో స్పెషల్ బ్రాంచిలో ఇరవై ఏడేళ్లు చేసిన ఆయనకి తెలియకపోలేదు. కానీ మాట్లాడటానికేనా అని తను అడిగాడు, మాట్లాడటానికే అని పైవాడు చెప్పాడు. ఆ జవాబుని రెండు చేతులా పట్టుకుని, ఇరవై రెండు పేర్లు రాశాడు. మొదటి పేరు యలమందయ్యది. గుర్తు: పచ్చరంగు గేటు, ఎదురుగా చేతిపంపు.

బుధవారం తెల్లవారుతుండగా ఎర్రగుంటపాలేనికి రెండు వ్యాన్లు వెళ్లాయి. ఇరవై ఇద్దరినీ ఇళ్ల దగ్గరే ఎక్కించుకుని, ముప్పై మైళ్ల అవతల ఏదో కల్యాణమండపంలో కూర్చోబెట్టారు. ముందుజాగ్రత్త చర్య అన్నారు. కొట్టలేదు, తిట్టలేదు. ఉప్మా పెట్టారు. ఫోన్లు తీసుకున్నారు. ఈ సంగతి తెలిసి ఊళ్లో మిగిలిన మగవాళ్లు బళ్లెక్కి బంధువుల ఊళ్లకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం మూడింటికి జాన్ బాషా కొట్లో కూర్చుని ఉండగా నైరుతి మూల ఉరిమింది. మార్చి నెలలో ఆ శబ్దానికి మిరప రైతు గుండె ఆగిపోతుంది. బాషా చేతిలో గిన్నె పట్టుకునే బయటికొచ్చి ఆకాశం చూశాడు.

"ఎర్రగుంటపాలెంలో మగోళ్లు లేరంట గదా. పట్టాలెవరు కప్పుతారు?" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

సంజీవరావు మోపెడ్ తీశాడు. ఊరు చేరేసరికే చినుకులు లావుగా పడుతున్నాయి. కల్లాల నిండా ఆడవాళ్లు, ముసలివాళ్లు. టార్పాలిన్ పట్టా గాలికి తెరచాపలా లేస్తుంటే, దాని చెంగు పట్టుకుని ఒక ముసలావిడ ఈడ్చుకుపోతోంది. ఒకళ్లు కాయ దగ్గరికి ఎగదోస్తుంటే ఇంకొకళ్లు ఆ చోటుకి పట్టా లాగలేకపోతున్నారు. ఆరుగురు మగవాళ్లు పావుగంటలో చేసే పని. సంజీవరావు చెప్పులు వదిలేసి యలమందయ్య కల్లంలోకి పరిగెత్తి పట్టా రెండో కొస పట్టుకున్నాడు.

మొదటి కొస పట్టుకున్న వెంకటరావమ్మ తలెత్తి చూసింది. మొహమంతా నీళ్లు. మిరప ఘాటుకి కళ్లు ఎర్రబడిపోయి ఉన్నాయి.

"నువ్వెందుకొచ్చావు? ఎన్ని బస్తాలు తడిసినయ్యో రాసుకోటానికా?"

ఆయన పట్టా వదల్లేదు. ఆమె కూడా వదల్లేదు. ఇద్దరూ కలిసే లాగారు. సగం కల్లం కప్పేసరికి వాన కుండపోతయింది. నలభై నిమిషాలు కురిసి, ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది. కల్లాల నుంచి రోడ్డు మీదికి ఎర్రనీళ్లు పారాయి.

గురువారం మంత్రిగారి కార్లు మూడు నిమిషాల్లో ఆ రోడ్డు దాటిపోయాయి. రోడ్డు మీద ఒక్క మనిషి లేడు. సంజీవరావు అక్కడే నిలబడి చూశాడు. ఆ రోజు లెక్క సున్నా.

శుక్రవారం జిల్లా ఆఫీసుకి వెళ్లాడు. శివరామకృష్ణ లేచి నిలబడి కరచాలనం చేశాడు.

"మీ పేరు గుడ్ సర్వీస్ ఎంట్రీకి పంపించాను. పదిహేను వందల మంది రోడ్డు మీద కూర్చుంటే ఏమయ్యేదండీ? ఎస్పీగారే స్వయంగా అడిగారు, ఎవరా హెడ్ కానిస్టేబులు అని."

"సార్, నా బదిలీ కాగితం..."

"అదే చెప్పబోతున్నా. ఎస్పీగారు ఏమన్నారో తెలుసా? ఇలాంటివాణ్ణి ఆ సీట్లోంచి కదిపితే నిన్ను కదుపుతా అన్నారు." నవ్వాడు. "నేనేం చెయ్యను చెప్పండి?"

సంజీవరావు కుర్చీ అంచు పట్టుకున్నాడు. ఇరవై ఏడేళ్లలో రాయని మాట నోటితో చెప్పాడు.

"ఆ అంకె తప్పు సార్. మూడొందల కన్నా ఎక్కువ లేరు. నాకు తెలిసే రాశాను."

శివరామకృష్ణ మొహంలో నవ్వు అలాగే ఉంది. లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"మీ అంకె ఎప్పుడైనా తప్పిందా?"

"ఈసారి తప్పింది సార్."

"సంజీవరావు గారూ, కూర్చోండి. మీరు ఇచ్చిన అంకె మీద నేను సంతకం పెట్టాను. దాని మీద ఇంకో ముగ్గురు పెట్టారు. ఇరవై ఇద్దరిని లోపల కూర్చోబెట్టాం. ఇప్పుడు అది తప్పని కాగితం వస్తే ముందు మీ ఉద్యోగం పోతుంది. తర్వాత నాది. పోయిన కాయ వాళ్లకి తిరిగొస్తుందా? టీ తాగుతారా?"

టీ వచ్చింది. తాగాడు.

ఇరవై ఇద్దరినీ గురువారం సాయంత్రమే వదిలేశారు. శనివారం పొద్దున సంజీవరావు ఎర్రగుంటపాలెం వెళ్లాడు. యలమందయ్య కల్లంలో కూర్చుని కాయ ఏరుతున్నాడు. మంచిది ఒక పక్క, తాలుకాయ ఒక పక్క. తడిసిన కాయ తెల్లబారి బూజు పట్టిపోయింది. తాలు కుప్పే పెద్దగా ఉంది. సంజీవరావు నాలుగు అడుగుల దూరంలో ఆగిపోయాడు.

"యలమందయ్యా, పేర్లు నేనే ఇచ్చాను."

"తెలుసండి."

యలమందయ్య ఆయన్ని ఏనాడూ "అండి" అనలేదు.

"ఎందుకడుగుతున్నారో తెలిసి కూడా ఇచ్చాను. నన్ను తిట్టు."

"తిట్టడానికేముందండి? పదిహేనొందలు రాయమంది నేనేగా. మీరు రాశారు. మీ ఉద్యోగం మీరు చేశారు." యలమందయ్య తలెత్తలేదు. "కుర్చీ తెప్పించేదా? ఎండగా ఉంది."

లోపల్నుంచి వెంకటరావమ్మ కుర్చీ తెచ్చి వేసింది. చెంబుతో కాకుండా స్టీలు గ్లాసులో, ప్లేటు కింద పెట్టి మజ్జిగ ఇచ్చింది, తహశీల్దారుకి ఇచ్చినట్టు. సంజీవరావు గ్లాసు ఖాళీ చేసి, కింద పెట్టి, వచ్చేశాడు.

ఆ సాయంత్రం నివేదిక రాయడానికి కూర్చున్నప్పుడు జయకుమారి వెనక నిలబడి చదివింది. ఆయన అడ్డుపెట్టుకోలేదు. మూడో పేరాలో "ఎర్రగుంటపాలెం రైతుల గురించి సోమవారం పంపిన నివేదికలోని సంఖ్య నిజం కాదు. నిజ సంఖ్య మూడు వందలు. ఇది నాకు అప్పుడే తెలుసు." అని ఉంది.

"ఇది పంపితే?" అంది.

"సస్పెండు చేస్తారు. లేకపోతే ఇంకోచోటికి విసిరేస్తారు. ఏదైనా ఇక్కణ్నుంచి బయటే."

"పింఛను?"

ఆయన ఫోను తీసి కాగితం పక్కన పెట్టాడు. ఆమె కాగితం మడతలు సాపు చేసి, "అక్షరాలు బాగా కనపడేట్టు తియ్యి ఫొటో" అంది.

పంపిన పది నిమిషాలకి శివరామకృష్ణ ఫోను చేశాడు. గొంతులో కోపం లేదు.

"ఫొటో సరిగ్గా రాలేదు సంజీవరావు గారూ. మళ్లీ రాసి పంపండి. మూడో పేరా లేకుండా."

"బాగానే వచ్చింది సార్. నేను చూశాను."

"నాకు రాలేదు. ఏడింటి దాకా చూస్తాను."

సంజీవరావు ఫోను బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఆరున్నరయింది, ఏడయింది. మళ్లీ రాయలేదు. ఇరవై ఏడేళ్లలో ఆయన నివేదిక వెళ్లని మొదటి రోజు అదే. ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా జేబులో ఫోను మోగుతుందేమోనని చూశాడు. మెమో వస్తుందనుకున్నాడు. వస్తే బాగుండుననీ అనుకున్నాడు.

సోమవారం పది గంటలకి ఆఫీసు నుంచి రెండు వాక్యాల మెసేజీ వచ్చింది. శనివారం నాడు మీకు ఒకరోజు క్యాజువల్ లీవు మంజూరు చేయడమైనది. ఈ రోజు నుంచి యథావిధిగా నివేదికలు పంపగలరు.

ఆయన ఆ సెలవు అడగలేదు. కాగితం మీద మాత్రం అడిగినట్టూ, ఇచ్చినట్టూ ఉంది. మెసేజీని జయకుమారికి చూపించాడు. ఆమె రెండుసార్లు చదివి ఫోను తిరిగిచ్చేసింది. "నువ్వు తప్పు చేశావని ఒప్పుకోడానికి కూడా వాళ్లు ఒప్పుకోరా?" అంది.

ఆ సాయంత్రం నివేదిక వెళ్లింది. మర్నాడూ వెళ్లింది.

వేసవిలో శివరామకృష్ణ ప్రమోషన్ మీద వేరే జిల్లాకి వెళ్లిపోయాడు. వెళ్తూ బీరువా తాళాలు, జీపు మాత్రమే అప్పజెప్పాడు. ఆగస్టు పదిహేనున సంజీవరావుకి ప్రశంసాపత్రం ఇచ్చారు. అందులో పదిహేను వందల మంది అనే అంకె అచ్చులో ఉంది. ఎనిమిదోసారి దరఖాస్తు పెడితే, కొత్త ఇన్‌స్పెక్టరు ఆ ప్రశంసాపత్రాన్నే కారణంగా చూపించి తిప్పి పంపాడు.

ఊళ్లల్లో ఇప్పుడు ఆయనకి ఎవరూ ఏమీ దాచరు, ఏమీ చెప్పరు కూడా. ఎక్కడికెళ్లినా కుర్చీ వేస్తారు. జాన్ బాషా కొట్లో నుంచి కేక రావడం ఆగిపోయింది. టీ మాత్రం చక్కెర తక్కువగానే, అడక్కుండానే వస్తుంది. ఈ ఏడు యలమందయ్య కౌలు నాలుగెకరాలు వదిలేసి, సొంత రెండెకరాల్లో శనగ వేశాడు. ఆ సంగతి సంజీవరావుకి రోడ్డు మీద నుంచి చేను చూస్తే తెలిసింది. నిరుడు జూన్‌లోనే జయకుమారికి చీరాల వైపు బడికి బదిలీ అయింది. అక్కడే ఒక గది తీసుకుని శనివారాలు వచ్చి వెళ్తోంది.

సంజీవరావు పర్చూరులోనే, అదే సీట్లో ఉన్నాడు. ఆయనకిప్పుడు యాభై ఏడు దాటాయి. సర్వీసు ఇంకా నాలుగేళ్ల తొమ్మిది నెలలు ఉంది.